ఎడమ పక్క అద్దం

నేను ఒక అద్దాన్ని. అలాగని పెళ్ళికూతుళ్ళు సింగారించుకునే నిలువుటద్దాన్ని అనుకునేరు, అంత అదృష్టమా! స్కూటరుకు ఎడమ పక్క బిగించే అరచేయంత అద్దాన్ని. మన ఊళ్ళలో ఎడమ అద్దమంటే ఎంత చులకనో మీకు తెలియనిది కాదు. సందుల్లో గోడలకు గీసుకుంటోందని బండి కొన్న కొత్తలోనే ఊడబీకి అటక మీద పారేస్తారు. నేను ఆ గండం దాటాను. దాటి ఏం బావుకున్నానో వినండి.

ఏదో రేకుల షెడ్డులో నన్ను గాజు పలక నుంచి కోశారు. వెనక పూత పూసి, నల్ల ప్లాస్టిక్ చట్రంలో కూర్చారు. రాజమండ్రిలో ఒక మెకానిక్ షాపు గోడకు వేలాడుతుండగా త్రినాథ్ అనే కుర్రాడు వచ్చి కొన్నాడు. రంగుల కొట్టులో గుమస్తా, కొత్తగా పెళ్ళయినవాడు. మెకానిక్ నన్ను రోడ్డు కనపడేటట్టు బిగిస్తే, అతను పట్టుకుని లోపలికి తిప్పేశాడు.

"రోడ్డు చూడ్డానికి కుడిది సరిపోద్ది గురూ. ఇది మా ఆవిడ కోసం," అన్నాడు.

ఆ ఆవిడ పేరు చంద్రకళ. ఆసుపత్రిలో నర్సు. వెనక సీటు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేయి అతని భుజం మీద వేసేది. అతను నాలోంచి ఆవిడను చూసి కన్ను గీటేవాడు. ఆవిడ నాలోంచే అతన్ని చూసి, వీపు మీద ఒక్కటిచ్చేది. గతుకుల రోడ్డు మీద కూడా నేను వాళ్ళిద్దరినీ జారనివ్వకుండా పట్టుకున్నాను. అప్పట్లో నా అంత గొప్ప అద్దం లేదనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

ఒకనాడు ఎడమ పక్క నుంచి దూసుకొచ్చిన లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. ప్రాణాలు దక్కాయి. అతను అక్కడికక్కడే బండి ఆపి నన్ను రోడ్డు వైపు తిప్పాడు. అందులో తప్పేమీ లేదు. కానీ భయం తగ్గాక మళ్ళీ తిప్పొచ్చు కదా? తిప్పలేదు. ఏళ్ళు గడిచాయి. వాళ్ళకు పిల్లలు కలగలేదు, ఆ మాట ఎత్తడం ఇద్దరూ మానేశారు. మెల్లగా మిగతా మాటలూ తగ్గాయి. నాకు లారీలు, ఆటోలు, అడ్డం పడే గేదెలు మిగిలాయి.

మొన్న వేసవిలో చంద్రకళకు ప్రమోషన్ వచ్చింది. హెడ్ నర్సు. కాకపోతే దూరం, పార్వతీపురం వెళ్ళాలి. వెళ్తుందో, వదులుకుంటుందో సోమవారం చెప్పాలి. మొగుణ్ణి అడిగితే "నీ ఇష్టం" అన్నాడట. సరిగ్గా అప్పుడే యజమాని ఇంట్లో పెళ్ళని కొట్టుకు శని, ఆదివారాలు సెలవిచ్చారు. ఎన్నడూ లేనిది త్రినాథే, రెండు రోజులూ ఊరూ వాడా తిరిగొద్దాం రమ్మన్నాడు.

శనివారం పొద్దున చంద్రకళ చీర చెంగుతో నన్ను తుడిచింది. అద్దం తుడిచేటప్పుడు ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటారు, ఆవిడా అంతే.

"ఈ రెండ్రోజుల్లో ఒక్కసారి దీన్ని నా వైపు తిప్పితే చాలు. ఆ ప్రమోషన్ వద్దని చెప్పేస్తాను," అనుకుంది.

నా గుండె గుభేలుమంది. నోరున్న మనిషివి, ఆ మాటేదో అతనికే చెప్పొచ్చు కదమ్మా? చెప్పదు. అడిగి చూపించుకున్న చూపు చూపే కాదని ఆవిడ పంతం.

ఆ రెండు రోజుల్లో అతను లోటేమీ చేయలేదు, ఆ మాట చెప్పాలి. గోదావరి గట్టు మీద ముంత మసాలా తినిపించాడు. పడవ ఎక్కించాడు. రోజ్‌మిల్క్ రెండోసారి కూడా తాగించాడు. మల్లెపూలు కొన్నాడు. అయితే ఫోనులో ఎవరితోనో నవ్వుతూ, తల తిప్పకుండా పొట్లం వెనక్కి చాచాడు. ఆవిడ అందుకుని, తనే తురుముకుని, నావైపు చూసింది. నాలో ఇసుక లారీ ఉంది.

ఆదివారం కడియం నర్సరీల్లో ఆవిడ కుండీతో సహా నందివర్ధనం మొక్క కొనుక్కుని, బండి మీద ఇద్దరి మధ్యా పెట్టుకుంది. సాయంత్రం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నారు. నీటి మీద ఎండ ఎర్రబడుతోంది. ఇక ఇంటికి పోవడమే మిగిలింది. ఇద్దరూ బండెక్కారు. అతను తాళం తిప్పబోయి ఆగాడు. చేయి చాచి నన్ను పట్టుకున్నాడు. లోపలికి తిప్పాడు.

ఆవిడ ముఖం నాలోకి వచ్చింది. ఎన్నేళ్ళకు! ఆవిడా చూసింది. కుండీని పక్కకు జరిపి, చెదిరిన జుట్టు సర్దుకుని, కొత్త పెళ్ళికూతురిలా నిటారుగా కూర్చుంది. ఆ నవ్వును నేను చచ్చేదాకా మరచిపోలేను. కానీ అతని చేయి ఆగలేదు. నన్ను ఇంకా లోపలికి తిప్పాడు, ఆవిడ ముఖం జారిపోయి అతని ముఖమే వచ్చింది. పళ్ళు ఇకిలించి, గోటితో పంటి సందులో ఇరుక్కున్న మొక్కజొన్న పొట్టు లాక్కున్నాడు. నాలుకతో తడుముకుని తృప్తి పడి, నన్ను మళ్ళీ రోడ్డుకు తిప్పేశాడు.

"వచ్చిందా అండీ?" అంది ఆవిడ వెనక నుంచి.

"ఆఁ, వచ్చేసింది. ఈ మధ్య ఇంత హాయిగా ఎప్పుడూ తిరగలేదు కదూ మనం?" అన్నాడు.

ఆవిడ కుండీని మళ్ళీ ఇద్దరి మధ్యకూ తెచ్చుకుంది.

సోమవారం ఆసుపత్రిలో, వెళ్తానని చెప్పేసింది. ప్రయాణం రోజు పెట్టెతో స్టేషను దగ్గర దిగినప్పుడు అతను అయోమయంగా అడిగాడు, రెండు రోజులూ బాగానే తిరిగాం కదా, నేనేం తక్కువ చేశానని. ఏమీ తక్కువ చేయలేదండి, మొక్కకు నీళ్ళు పోస్తూ ఉండండి, అని ఆవిడ రైలెక్కింది.

అతను స్టేషను బయటికి వచ్చి బండెక్కాడు. తర్వాత నన్ను లోపలికి తిప్పాడు. వెనక సీటు కనిపించేంత వరకే తిప్పి ఆపాడు. ఎంత తిప్పాలో మనిషికి మొదటి నుంచీ తెలుసన్నమాట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఖాళీ సీటును చూసుకుంటూనే రోజూ కొట్టుకు వెళ్ళి వచ్చేవాడు. ఒక సాయంత్రం ఎడమ పక్క నుంచి వచ్చిన ఆటోను చూసుకోలేదు. అతనికి మోచేయి గీరుకుంది, నేను రెండు ముక్కలయ్యాను.

ఇప్పుడు ఆ మెకానిక్ షాపులోనే, విరిగిన సామాను వేసే డబ్బాలో ఉన్నాను. నన్ను విప్పేసిన రోజు మెకానిక్ కొత్త అద్దం తీసి, బిగించనా అని అడిగాడు.

"వద్దులే గురూ. వెనకాల ఎవరున్నారు, చూసుకోడానికి?" అన్నాడు త్రినాథ్.

మెకానిక్ నా చోట మిగిలిన కన్నంలో ఒక రబ్బరు బిరడా నొక్కి పంపించేశాడు.