దవడకు బొట్టుబిళ్ళలు

మా మేనకోడలు కరుణశ్రీకి ఇరవై మూడేళ్ళు. రెండేళ్ళుగా దవడ నొప్పి. ఆవలింత వచ్చినా గెడ్డం చేత్తో పట్టుకునేది. "నీకొచ్చే మొగుడు అదృష్టవంతుడు, తిట్లు తగ్గుతాయి" అంటే దిండు నా మీదికి విసిరేది.

ఈసారి మాత్రం నవ్వులాట కాదు. రెండు వారాల్లో వచ్చే ఆదివారం ఆత్మకూరు చర్చిలో అది ఒక్కటే నిలబడి పాట పాడాల. చిన్నప్పట్నుంచి దాని ఆశ అదే. గొంతు పైకెత్తి పాడే కాడ దవడ పట్టేస్తా ఉండాది. "వేరే వాళ్ళని పెట్టుకోమంటా మామా" అని కూచున్నాది.

నెల్లూరు డాక్టరమ్మ మాత్రలతో పాటు ఇంకో పని చెప్పిందంట. పెదాలు మూసి, పళ్ళు విడిగా ఉంచి, ఊపిరి వచ్చేది పోయేది చూస్తా కూచోవాల. నొప్పొస్తే దాంతో కొట్లాడకూడదు, యాడుందో ఊరికే గమనించాల. ఇంట్లో రంగు గుర్తులు అంటించుకుని, అవి కనపడినప్పుడల్లా దవడ వదులు చెయ్యాల.

"ఊరికే కూచునేదానికి నెల్లూరు పోవాల్నా? నన్నడిగితే నేర్పనూ" అన్నాను.

నాది ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసే పని. ఆకురాయి పట్టుకుని రుద్దతా ఉంటే కరుణ నన్నే చూసి, "మామా, రుద్దేది చేత్తోనా, పళ్ళతోనా?" అన్నాది. చూసుకుంటే నిజమే, పళ్ళు గట్టిగా బిగించి ఉండాను.

ఆ కసి మీద గుర్తులు నేనే తెస్తానన్నాను. ఎర్ర బొట్టుబిళ్ళలు నాలుగు అట్టలు తెచ్చి అద్దానికి, ఫ్రిజ్జుకి, దాని ఫోనుకి, పెరట్లో ఉండే మేకపోతు కొమ్ముకి అంటించినాను.

మా అక్క శీనమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. "చర్చికి పోయే ఇంట్లో బొట్టుబిళ్ళలేందిరా? పాస్టరుగారు చూస్తే?"

"నీ కూతురి దవడకి పెట్టినామని చెప్పు."

పది దినాలు మేకపోతు ఎదురొచ్చినప్పుడల్లా కరుణ ఆగి, ఊపిరి తీసి, పళ్ళు విడదీసేది. నేనూ దాని పక్కన కూచుని ఎక్కిరిస్తా ఎక్కిరిస్తా అదే చేసినాను. నొప్పి పూర్తిగా పోలా. పట్టు మాత్రం కొంచెం సడలింది.

ఆదివారం బస్సులో దుత్తలూరు దాటినాక నాకు కునుకు పట్టింది. చర్చికి పోయి ముందు బెంచీలో కూచున్నాను. జనమంతా నన్నే చూస్తా ఉండారు. కొత్త చొక్కా గదా, చూడనీలే అనుకున్నాను.

కరుణ మొదలుపెట్టింది. పైకెత్తే చరణం కాడికొచ్చి ఆగింది. దవడ బిగుసుకుంది, నాకు తెలిసిపోయింది. అది నా మొహం వైపు చూసింది. భుజాలు దిగినాయి. ఊపిరి తీసుకుంది. మళ్ళీ ఎత్తుకుంది చూడు, వెనక బెంచీలో నిద్రపోయే ముసలోళ్ళు కూడా లేచి కూచున్నారు.

బయటికొచ్చినాక పాస్టరు రాజమోహన్ గారు నన్ను ఆపినాడు. "ఏం మాల్యాద్రీ, నొసట అదేంది?"

తడుముకున్నాను. బొట్టుబిళ్ళ.

"బస్సులో అంటించినా మామా. పాడేటప్పుడు నాకు ఎదురుగా కనపడాల గదా" అన్నాది కరుణ. "తీయబాక. మధ్యాన్నం ఇంకో పాట ఉండాది."

పళ్ళు కొరకబోయి ఆగినాను. అది నా దవడనే చూస్తా ఉండాది.