కొడవలితో కోసిన పుట్టగొడుగులు

మా ఇంట్లో పుట్టగొడుగులు తినరు. తినకపోవడమే కాదు, ముట్టుకోరు కూడా. మా అత్త సౌభాగ్యది కన్నడ పుట్టిల్లు; "అణబె" అని వాటి పేరెత్తడానికే మూతి ముడుస్తుంది. అందుకే ఏటా వానలకు మా పెరట్లో పుట్ట చుట్టూ అవి లేస్తే, గోడ అవతలి నీలమ్మక్క వచ్చి తీసుకుపోయేది. నేను నారాయణఖేడ్‌కు కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్లూ ఇదే పద్ధతి.

నీలమ్మక్క వాటిని కోయదు, పీకుతుంది. మట్టిలోకి రెండు వేళ్లు దించి, పొడుగాటి తోకలాంటి వేరుతో సహా మెల్లగా పైకి లాగుతుంది. ఆ వేరు చూసుకున్నాకే బుట్టలో వేస్తుంది, లేనిదాన్ని అవతలికి విసిరేస్తుంది. నేను మెట్టు మీద కూర్చుని, "పిల్లను చూడవోయినట్టు చూస్తున్నవేందక్కా" అని ఎగతాళి చేసేదాన్ని. ఎందుకు చూస్తోందని మాత్రం ఒక్కసారీ అడగలేదు. మేం తినని దాని గొడవ మాకెందుకు!

ఈ ఏడు ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. రెండు రోజుల ముసురు తెరిపిచ్చిన మంగళవారం పొద్దున గోడ అవతలి నుంచి కేకేసింది.

"గంగా, వచ్చినయా?"

"వచ్చినయక్కా. తెల్లగ, మస్తున్నయ్."

"జర తెచ్చియ్యరాదే. కాళ్లు లేస్తలెవ్వు."

చేత్తో ముట్టుకోవడం ఇష్టం లేక కొడవలి పట్టుకుపోయాను. పుట్ట మీద కొన్ని ఉన్నాయి. నాలుగడుగుల అవతల నీలగిరి చెట్టు కింద ఇంకొన్ని ఉన్నాయి. నా కంటికి అన్నీ ఒకటే. నేలమట్టానికి కోసి, కొడవలి మొనతోనే బుట్టలోకి తోసి, గోడ మీదుగా అందించాను. వేలైనా తగలకపోయినా, వెళ్లి చేతులు కడుక్కున్నాను.

"ఏర్లు లేవేందే?" అంది నీలమ్మక్క బుట్టలో కెలుకుతూ.

"కోస్తే ఏర్లు యాడికెల్లి వస్తయ్? అన్నీ పుట్ట మీదియే. తింటే తిను, లేకుంటే పారెయ్."

"అబ్బో, కోపం జూడు," అని నవ్వి లోపలికి పోయింది. నా మాట నమ్మింది.

ఆ రాత్రి కూర ఆమె ఒక్కతే తిన్నది. టైలరింగ్ షాపులో పనిచేసే ఆమె కూతురు మల్లీశ్వరికి ఆ వాసనే గిట్టదు. తెల్లారేసరికి నీలమ్మక్కకు వాంతులు, విరేచనాలు. నేనూ మల్లీశ్వరీ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టర్ సెలైన్ పెట్టించి, ఏం తిన్నావని అడిగాడు. పుట్టగొడుగులు అనగానే ఆయన ముఖం మారింది.

"ఎవరు తెచ్చిన్రు?"

నీలమ్మక్క నా వైపు చూడనైనా చూడకుండా, "మెల్లగ పోయి నేనే పీకిన సారూ. పుట్ట మీదియి. చిన్నప్పటి సంది తింటున్న, నాకు తెలువదా?" అంది.

"అయినా సరే. అక్కడ ఇంకా ఉంటే ఫోటోలు తీసి నా నంబర్‌కు పంపండి. పైన, కింద, తవ్వి మొదలు కూడా. జల్దీ పంపాలె," అని మా ఇద్దరికీ చెప్పి వెళ్లాడు.

మల్లీశ్వరి మందుల కోసం బయటికి పోగానే నీలమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కోసిచ్చినవని తెలిస్తే మీ అత్త నిన్ను బతకనియ్యది. లోకం నోరు ఊకుంటదా? నువ్వు నోరు మూస్కో."

మూసుకున్నాను. సంతోషంగానే మూసుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

"పెరడు మీదే కదా చిన్నమ్మా, నువ్వు పోయి తియ్యి," అని మల్లీశ్వరి నన్ను ఇంటికి పంపింది. ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయాను. నీలగిరి కింద రెండు లేస్తున్నాయి. వాటి చుట్టూ కొడవలి కోసిన కాడలు, నున్నగా, వరుసగా. ఫోటో తీస్తే అవీ పడతాయి. నీలమ్మక్క కోయదని మల్లీశ్వరికి తెలుసు. ఫోన్ కొంగులో చుట్టుకుని లోపలికి వచ్చేశాను. అడిగితే, "ఏం మిగల్లేదు బిడ్డా," అన్నాను.

గురువారం నీలమ్మక్క లేచి కూర్చుంది. వాంతులు కట్టాయి. గంజి తాగింది, ఇంటికి పోతానని పోరు పెట్టింది. డాక్టర్ మాత్రం ఇంకో రోజు చూద్దామన్నాడు. నేను దేవుడికి టెంకాయ మొక్కుకున్నాను. గండం గడిచింది, మాట బయటపడలేదు. ఆ రెండింటిలో దేనికి ఎక్కువ మొక్కుకున్నానో చెప్పమంటే చెప్పలేను.

శుక్రవారం పొద్దున మల్లీశ్వరి ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ కండ్లు పచ్చగైనయ్. మనిషిని గుర్తుపడ్తలేదు."

రాత్రంతా వాన పడి పెరడు బురదగా ఉంది. నీలగిరి కింద తెల్లగా అయిదారు విచ్చుకున్నాయి. ఈసారి చేత్తోనే తవ్వాను. వేరు లేదు. మొదట్లో ఉబ్బెత్తుగా గడ్డ ఉంది, దాని చుట్టూ చిరిగిన తెల్లటి సంచి ఉంది. పక్కకు వెళ్లి పుట్ట మీది ఒకదాన్ని పీకాను. జానెడు వేరు వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పైన, కింద, మొదలు ఫోటోలు తీశాను. కోసిన కాడలూ తీశాను. రెండు ఫోటోలు అలికినట్టు వస్తే మళ్లీ తీశాను. "ఓయ్, ఏం ముడ్తున్నవ్?" అని మా అత్త వెనక నుంచి అరిచింది. "నేను కోసిచ్చిన వాటినే ముడ్తున్న," అన్నాను.

పంపిన రెండో నిమిషానికి డాక్టర్ ఫోన్ చేశాడు. అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఇది లివర్‌ను తింటది. మధ్యల ఒక దినం నయమైనట్టే కనబడ్తది. ఇప్పుడే హైదరాబాద్ పంపుతున్న," అన్నాడు. బుధవారమే తెలిస్తే బతికేదా అని అడిగాను. "చెప్పలేనమ్మా. టైం అయితే దొరుకుతుండె," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నీలమ్మక్క పోయింది.

మూడో రోజు తల్లి పేర పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక మల్లీశ్వరి మా పెరట్లోకి వచ్చింది. నేను కోసిచ్చిన సంగతి హైదరాబాద్ తీసుకుపోతుండగానే ఆమెకు చెప్పాను. ఇప్పుడు నీలగిరి చెట్టు కింద నిలబడి అడిగింది.

"కోసుడు తెలువక కోసినవ్. దానికి నిన్నేమన. డాక్టర్ అడిగిన దినం, ఈడ ఏం మిగల్లేదంటివి. నిజమేనా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగాను.

"ఉండె బిడ్డా. రెండుండె. ఫోన్ గూడ చేతులనే ఉండె."

"మరెందుకు తియ్యలే?"

"భయమైంది మల్లీ. అందరూ నన్నంటరని భయమైంది."

ఆమె ఏడవలేదు. నా ముఖంలోకి చూసి అంది.

"మా అమ్మకు గూడ భయమైంది చిన్నమ్మా. ఆఖరికి నన్ను గుర్తుపట్టలే గని, భయమైతుందని చెయ్యి ఇడవలే. అయినా నీ పేరు చెప్పలే."