అంచు కట్టని మఫ్లర్

ఆదివారం ఎనిమిదింటికల్లా కారు గేటు బయట ఉండాలి. ఎనిమిదిన్నరకల్లా నలుగురూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడం అయిపోవాలి. తొమ్మిదింటికి బయలుదేరాలి. ఆ ఇంట్లో పిక్నిక్ అంటే అంతే.

తండ్రి స్టీరింగ్ దగ్గర. పక్క సీట్లో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని తల్లి. వెనకాల పెద్దమ్మాయి, చిన్నమ్మాయి. పెద్దమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. చేతిలో రెండు అల్లిక సూదులు, కాళ్ళ దగ్గర సంచిలో లావుపాటి బూడిదరంగు ఊలు ఉండ.

"ఇంకా చూస్తావేం? మొదలెట్టు," అంటుంది తల్లి.

పెద్దమ్మాయి మొదటి వరస అల్లుతుంది. కారు వీధి మలుపు తిరుగుతుంది.

ఆ కారుకి పెట్రోలు పొయ్యాల్సిందే, గేర్లు వెయ్యాల్సిందే. కానీ పోవడం మాత్రం పెద్దమ్మాయి అల్లినంత దూరమే పోతుంది. రెండు వరసలకి ఒక కిలోమీటరు. తిరిగి రావాలంటే అల్లినదంతా విప్పాలి. విప్పుతున్నంతసేపూ కారు మూతి అటే ఉంచి, వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. వెనక వచ్చేవాళ్ళు ఒకసారి హారన్ కొట్టి, "ఓ, అల్లికవాళ్ళా," అని తప్పుకుంటారు. తండ్రి లిఫ్టుల మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ పోయే మనిషికి ముందుకీ వెనక్కీ పోవడం ఒక లెక్క కాదు.

సరస్సు నూట ఇరవయ్యో వరస దగ్గరుంది. టోల్ గేటు ఎనభయ్యో వరస దగ్గర. ఆరేళ్ళుగా వాళ్ళు సరస్సుకి బయలుదేరి, టోల్ గేటు దగ్గర గుడ్లూ రొట్టే తినేసి ఇంటికొస్తున్నారు. ఎందుకంటే టోల్ గేటు దగ్గర తల్లి చెయ్యి వెనక్కి చాపుతుంది.

"ఏదీ, ఇటివ్వు."

కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూస్తుంది. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో చేతిపనులు నేర్పిన కళ్ళు అవి. "ఇరవయ్యో వరసలో కుట్టు జారింది. కనపడలేదా, కనపడినా ఎవరు చూడొచ్చార్లే అనుకున్నావా? విప్పు."

"ఆకలేస్తోందమ్మా," అంటుంది చిన్నమ్మాయి.

"మీ అక్కనడుగు. దాని చేతులు తిన్నగా ఉంటే ఈపాటికి నీళ్ళ పక్కన కూర్చుని తింటుండేవాళ్ళం."

ఇంట్లో ఒక ఇనప్పెట్టె నిండా ఒంటి చెయ్యి స్వెట్టర్లు, వేళ్ళు లేని గ్లవ్సులు, సగం టోపీలు ఉన్నాయి. అన్నీ తల్లివే. ఒక్కటీ పూర్తయింది కాదు, ఒక్కటీ ఎవరూ తొడుక్కున్నది కాదు. పెద్దకూతురికి ఆవిడ కుట్లు ఎక్కించడం నేర్పింది, అల్లడం నేర్పింది, విప్పడం మరీ బాగా నేర్పింది. ముగించడం నేర్పలేదు. నేర్పడానికి ఆవిడకే రాదు.

ఒంటరిగా బస్సెక్కి పోవచ్చు కదా అంటే, పెద్దమ్మాయి ఒకసారి ఎక్కింది. తల్లి ఇంట్లో కుర్చీలో కూర్చుని, కూతురు అల్లిపెట్టిన మఫ్లర్ ముక్క విప్పడం మొదలెట్టింది. నలభైమంది ప్రయాణికులతో సహా బస్సు వెనక్కి నడిచి వీధి చివర ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఇంట్లో చెప్పి రావాలమ్మా! మాకూ పెళ్ళాం పిల్లలున్నారు," అని తిట్టి దింపేశాడు.

ఈ ఆదివారం పెద్దమ్మాయి జాకెట్టులో ఒక ఉత్తరం ఉంది. సరస్సు ఒడ్డున పడవలకి తెరచాపలు కుట్టే షెడ్డు వాళ్ళు రాశారు. పనితోపాటు మేడమీద గది కూడా ఇస్తారు. ఆదివారం పన్నెండింటిలోపు వచ్చి కనపడాలి, లేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారు.

ఉత్తరం కాక ఇంకోటి కూడా ఉంది. టోల్ గేటు గదిలో టికెట్లిచ్చే ఆవిడ ఖాళీ దొరికినప్పుడల్లా మేజోళ్ళు అల్లుతుంది. తల్లి బాత్రూముకి వెళ్ళినప్పుడల్లా, కిటికీలోంచి, మూడు ఆదివారాలు కలిపి ఒక్క విద్య చెప్పింది. "రెండు కుట్లు అల్లు. మొదటిదాన్ని ఎత్తి రెండోదాని మీదుగా దాటించి వదిలెయ్. మళ్ళీ ఒకటి అల్లు, మళ్ళీ దాటించు. చివరికి ఒక్కటి మిగుల్తుంది. ఊలు కత్తిరించి దాని లోంచి లాగెయ్. ఇంక దేవుడొచ్చినా విప్పలేడు."

టోల్ గేటు వచ్చింది. తల్లి చెయ్యి చాపింది.

"సరస్సు దగ్గర చూద్దువుగాని," అంది పెద్దమ్మాయి, సూదులు ఆపకుండా.

టికెట్టావిడ గేటు ఎత్తేసి చాలాసేపు అలాగే నిలబడింది.

"విన్నారా? ఎంత పొగరో విన్నారా?" అంది తల్లి.

"నేను రోడ్డు చూస్తున్నా," అన్నాడు తండ్రి.

"మీరెప్పుడూ రోడ్డే చూస్తారు. ఆరేళ్ళుగా చూసిందే చూస్తున్నారు."

అక్కణ్ణించి ఆ కుటుంబం ఎరగని దారి. మొదటిసారి నీళ్ళ వాసన. "అదిగో, సరస్సు!" అని చిన్నమ్మాయి అరిచింది. నూట పద్నాలుగో వరస. పదకొండూ నలభై.

తల్లి సీట్లోనే వెనక్కి తిరిగి మఫ్లర్ పట్టుకుంది. "నలభై ఒకటో వరస. చూడు ఈ కంత. వేలు దూరుతోంది. ఇది మెళ్ళో వేసుకుని నలుగురిలో తిరుగుతావా? నా కూతురని చెప్పుకుంటావా?"

"వదులమ్మా."

వదల్లేదు. సూది లాగి పారేసి ఊలు పట్టుకుని గుంజింది. ఒక వరస ఊడింది, రెండోది ఊడింది, ఆరు ఊడాయి. సరస్సు మూడు కిలోమీటర్లు దూరం జరిగి చెట్ల వెనక్కి పోయింది. ఫ్లాస్కు దొర్లింది. టీ అంతా తండ్రి బూట్లలో.

"అక్క అల్లినదాంట్లో కంతలు లెక్కపెట్టడం తప్ప నీకేం పని లేదా?" అని చిన్నమ్మాయి మొదటిసారి తల్లి మీద అరిచింది. అరిచి, తల్లి మణికట్టు రెండు చేతులా పట్టుకుంది.

పెద్దమ్మాయి ఊడిన కుట్లు ఒక్కొక్కటే సూదికి ఎక్కించింది. పన్నెండు వరసలు గబగబా అల్లింది, నీళ్ళు మళ్ళీ దగ్గరికొచ్చాయి. తర్వాత రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదిలేసింది.

"ఏం చేస్తున్నావే?" అంది తల్లి. ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. "అదేం అల్లిక? నేను నేర్పింది కాదది!"

ఒక్క కుట్టు మిగిలింది. "కత్తెరేదైనా ఉందా?"

చిన్నమ్మాయి గోళ్ళ కట్టర్ తీసింది. "మొద్దుబారితే కొత్తది కొనివ్వాలి."

ఊలు తెగింది. పడవల రేవు ముందు కారు ఆగింది. తల్లి మఫ్లర్ లాక్కుని ఒక మూల లాగింది, ఇంకో మూల లాగింది, పంటితో పీకింది. ఒక్క పోగు కూడా రాలేదు. ముప్ఫై ఏళ్ళ టీచరమ్మ ఆ అంచుని ఇటూ అటూ తిప్పి, పరాయి భాష ఉత్తరం చూసినట్టు చూసింది.

పెద్దమ్మాయి మఫ్లర్ తీసుకుని మెడకి చుట్టుకుని దిగింది.

"మేం ఇంటికెలా పోవాలి?" అంది తల్లి.

"సంచిలో ఊలుంది. సూదులు సీటు మీదున్నాయి. నాన్నా, కారు ఇంటివైపు తిప్పి పెట్టు."

"నేనా? నేను అల్లాలా?"

"నీకంటే బాగా ఎవరికొచ్చమ్మా?" అంది పెద్దమ్మాయి. ఆ మాటలో ప్రేమేం లేదు.

షెడ్డులో మేస్త్రమ్మ ఉత్తరం చూడలేదు, మఫ్లర్ చూసింది. కంతలో వేలు దూర్చింది. "ఇదేంటి?"

"కుట్టు జారిందండీ."

"ఊఁ. అంచు గట్టిగా ఉంది." ఒక పెద్ద సూదీ, మైనం రాసిన దారమూ చేతిలో పెట్టింది. "ఆ కిటికీ పక్క కూర్చో."

కిటికీలోంచి రోడ్డు కనిపిస్తోంది. కారు రేవు దగ్గర్నించి కదిలి మొదటి దీపస్తంభం దాకా పోయింది. ఆగింది. వెనక్కొచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. పెద్దమ్మాయి ఒక మూర కుట్టింది, కారు వెనక్కొచ్చింది. ఇంకో మూర కుట్టింది, వెనక్కొచ్చింది. లోపల ముగ్గురూ చేతులు ఊపుకుంటూ తిట్టుకోవడం కనపడుతూనే ఉంది. షెడ్డు ఆడవాళ్ళు తలెత్తి చూసి, "పాపం, నేర్చుకుంటున్నట్టున్నారు," అని మళ్ళీ పనిలో పడ్డారు.

ఎండ నీళ్ళ మీద పల్చబడే వేళకి కారు మొదటి స్తంభం దాటింది. రెండోది దాటింది. అక్కడ కాస్త ఆగింది. పెద్దమ్మాయి చేతిలో సూది కూడా ఆగింది. కారు కిటికీలోంచి తల్లి తల బయటికొచ్చి, షెడ్డు వైపు తిరిగి, తిట్టినట్టే గట్టిగా అరిచింది.

"ఇక్కడ ఒకటి జారింది! పోనీలే, పద అంటున్నాడు మీ నాన్న!"

తల లోపలికి పోయింది. కారు మలుపు తిరిగింది. అది వెనక్కొచ్చే చప్పుడు కోసం పెద్దమ్మాయి దారం చేత్తో పట్టుకుని చాలాసేపు విన్నది. రాలేదు.