హాల్లో కెమెరా, టీవీలో నగరం

నేను ఒక గేమ్ కంట్రోలర్‌ని. రెండు చేతుల్లో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, దాని మీద కొన్ని బొత్తాలు. నన్ను నొక్కితే టీవీలో బొమ్మ పరుగెత్తుతుంది, గోడలు దూకుతుంది. నేను మాత్రం ఎక్కడ పెడితే అక్కడే ఉంటాను.

సముద్రాలవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడొక యంత్రం నా బొత్తాలన్నీ అలుపు లేకుండా నొక్కి చూసి అట్టపెట్టెలో కుక్కింది. పెట్టె తెరుచుకునేసరికి ఏలూరులో ఫణికుమార్ ఇంట్లో ఉన్నాను.

అతను ఆఫీసు నుంచి రాగానే నన్ను పట్టుకునేవాడు. ఆటలో ఒక మహానగరం ఉంది. వీధి వీధికీ కెమెరాలు, సందు సందుకీ తుపాకులతో కాపలావాళ్ళు. కెమెరా కంటపడితే సైరన్ మోగుతుంది, శత్రువులు నాలుగు వైపుల నుంచీ వచ్చిపడతారు. ఫణికుమార్ కనిపించిన కెమెరానల్లా పగలగొట్టేవాడు. "మనమీద నిఘా పెడతార్రా వీళ్ళు!" అని పళ్ళు కొరికేవాడు. అతని తల వెనక గోడమీద, అతనే బిగించిన కెమెరా ఒకటి హాలునీ వీధి గుమ్మాన్నీ చూస్తూ ఉండేది. ఇంట్లో ఉన్నవాళ్ళ క్షేమం కోసమని చెప్పేవాడు. ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూసుకునేవాడు.

ఇంట్లో ఉన్నవాళ్ళంటే ఇద్దరే. భార్య హిమజ, తల్లి వర్ధనమ్మ. పెళ్ళికి ముందు హిమజ ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేది. పెళ్ళయ్యాక అతను మాన్పించాడు. ఒకసారి ఆమె కెమెరా మీద తువ్వాలు కప్పింది. బట్ట సర్దేలోపే దానిలోంచి అతని గొంతు వినిపించింది. "హిమా, అదేంటి? తియ్యి." ఆమె తీసేసింది.

ఆ మధ్యాహ్నమే నన్ను మొదటిసారి చేతిలోకి తీసుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. మొదట్లో మొగుడిలాగే కాల్చింది, వెంటనే చచ్చింది. తర్వాత కాల్చడం మానేసి చూడటం మొదలుపెట్టింది. కాపలావాడు ఎటు తిరుగుతాడు, కెమెరా ఎటు మళ్ళుతుంది, ఏ గోడ చాటు దానికి కనపడదు. పక్కన చిక్కుళ్ళు గిల్లుతున్న వర్ధనమ్మకి కూడా ఆ పిచ్చి పట్టుకుంది.

"ఆగవే అమ్మాయ్! ఆ మూల ఇంకోడున్నాడు!"

"చూశానత్తయ్యా. వాణ్ణి వెళ్ళనిద్దాం."

ఫోన్లో ఇద్దర్నీ చూస్తున్న ఫణికుమార్ నవ్వు కెమెరాలోంచి వినిపించింది. "ఆడుకోండిలే," అన్నాడు. వంటింట్లోకి కెమెరా చూపు పోదని హిమజ అప్పటికే గమనించింది. చూపు పోకపోయినా మాట మాత్రం దానికి చేరుతుంది.

భీమవరంలో ఒక ల్యాబ్‌వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. ఆ పూట హిమజ నన్ను అత్తగారి ఒళ్ళో పెట్టి చెవిలో చెప్పింది. "ఏదో ఒకటి నొక్కుతూ ఉండండత్తయ్యా. చప్పుడు ఆగకూడదు."

వర్ధనమ్మ టీవీ గొంతు పెంచి నన్ను రెండు చేతులా బిగించి పట్టుకుంది. కనపడ్డవాడినల్లా కాల్చింది. సైరన్లు మోగాయి, బాంబులు పేలాయి, ఆమె బొమ్మ చచ్చి మళ్ళీ లేచి మళ్ళీ చచ్చింది. ఆ గోలలో వంటింటి తలుపు వెనక హిమజ ఏం మాట్లాడిందో నాకే వినిపించలేదు.

కెమెరా గొంతు లేచింది. "అమ్మా, నువ్వు ఆడుతున్నావేంటి? హిమ ఏది?"

"పప్పు పొంగుతోందిరా, చూస్తోంది. ఉండు, వీడు నన్ను చంపేస్తున్నాడు!"

అతను పకపకా నవ్వాడు. వర్ధనమ్మ నవ్వలేదు. ఆమె చెమట నా బొత్తాల సందుల్లోకి దిగింది.

ఉద్యోగం వచ్చింది. వెళ్ళాల్సిన రోజున హిమజ చాటుగా పోతుందనే అనుకున్నాను. ఆటలో అయితే అలాగే పోయేది. కానీ ఆమె సంచి భుజాన వేసుకుని హాలు మధ్యకి వచ్చి కెమెరా ఎదురుగా నిలబడింది.

"హిమా, ఎక్కడికి?"

"భీమవరం. ఉద్యోగానికండి. హాస్టల్లో ఉంటాను."

"ఎవర్నడిగి? గుమ్మం దాటావంటే మళ్ళీ రావక్కర్లేదు!"

ఆమె భుజమ్మీద సంచి సర్దుకుంది. "మీరు చూస్తుండగానే వెళ్ళాలనుకున్నానండి. పారిపోయిందని తర్వాత మీరు అనకూడదు." అత్తగారి కాళ్ళకి దణ్ణం పెట్టి బయటికి నడిచింది.

ఫణికుమార్ పరుగున ఇంటికొచ్చాడు. "అది వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నావా అమ్మా?"

"నువ్వూ చూస్తూనే ఉన్నావుగా నాయనా," అంది వర్ధనమ్మ.

అతను నా తీగ పీకి నన్ను సొరుగులో పడేసి తాళం వేశాడు. చీకటి, పాత చార్జర్లు, కలరా ఉండల వాసన. ఎన్నాళ్ళున్నానో తెలియదు. ఒకరోజు వర్ధనమ్మ మాట చెక్క గుండా వినిపించింది. "భీమవరం వెళ్తున్నానురా. నాలుగు రోజులుండి వస్తా."

"నన్నడగవా?"

"చెబుతున్నానుగా."

తలుపు మూసుకున్న చప్పుడు. కాసేపటికి తాళం తిరిగింది, వెలుగు పడింది. ఫణికుమార్ నన్ను తీసి ఆట పెట్టుకున్నాడు. అతని బొమ్మ నడిరోడ్డు మీద, కెమెరా వెలుగులో నిలబడి ఉంది. సైరన్ మొదలైంది. కాపలావాళ్ళు వస్తున్నారు. అతని వేళ్ళు నా మీదే ఉన్నాయి గానీ కదలడం లేదు.

నొక్కు, అని నేను చెప్పలేను. నాకు నోరు లేదు.