చిలక్కముందు చెప్పని వెన్న

సరిహద్దు చెక్‌పోస్టు కావలి గంగప్ప గేటుకు అడ్డంగా కర్ర దించేసరికి ఓబులమ్మకు నవ్వొచ్చింది. గురువారం మైసూరు సీమ పల్లెలకు పోయి, రాత్రికి ఆడే పండుకుని, తెల్లారి చిలికిన వెన్న కొని, శుక్రవారం ఈ గేటు దాటించి హిందూపురంలో ముత్యాలప్ప హోటలుకు పోయడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. వెనకే మనవరాలు బుజ్జమ్మ, నెత్తిన ఇంకో కుండల తట్టతో.

"ఏమప్పా గంగప్పా, నన్నే ఆపుతాండావే? కొత్తగా చూస్తాండావా?"

"నువ్వు పాతే ఓబులమ్మా, రూలు కొత్తది. అవతల నుంచి తినే సరుకు ఏదొచ్చినా ముందురోజే ఈడ చెప్పి రాయించల్ల. ఏం సరుకు, ఎంత, ఎప్పుడొస్తాదని. కబురుంటేనే ఇన్స్పెక్టరు వచ్చి సరుకు చూసి వదులుతాడు. లేదంటే ఇంకో గేటుకు పోతాడు. ఈ పొద్దు ఆడికే పోయినాడు."

ఇదివరకు ఇన్స్పెక్టరు రోజూ ఇక్కడే కూర్చునేవాడు. మూత తీసి వాసన చూసి పొమ్మనేవాడు. వెన్నలో వనస్పతి కలిపి అమ్ముతున్నారని గొడవలయ్యాక గేట్లు పెరిగాయి, మనిషి మాత్రం ఒక్కడే మిగిలాడు.

ఎండెక్కింది. కుండల్లో నీళ్ల మీద తేలే వెన్నముద్దలు మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, చివరికి నూనెలా తేలాయి. అమ్మకానికి కాదు, ఇంటికేనని గంగప్ప సాయంత్రం వదిలితే తెచ్చి నెయ్యి కాచుకున్నారు. ముత్యాలప్ప దగ్గర నుంచి కబురొచ్చింది: వచ్చే శుక్రవారం కూడా వెన్న రాకపోతే కొత్తచెరువులో వెన్న అమ్మే మనిషితో మాట్లాడుకుంటానని.

బుజ్జమ్మ నాయన పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ హోటలు వెన్న మీదే. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

"గురువారం పోయేటప్పుడు గేటుకాడ చెప్పిపోదాం అవ్వా," అంది బుజ్జమ్మ.

"ఏమని చెప్పేది?"

"ఎంత వెన్న తెస్తామో."

ఓబులమ్మ చేటలో కొర్రలు చెరగడం ఆపి మనవరాలిని ఎగాదిగా చూసింది. "చిలక్కముందే వెన్న లెక్క చెప్పే ఆడది ఈ సీమలో ఉండాదా? అట్ల చెప్తే వెన్న పడుతుందా? కవ్వం తిరుగుతానే ఉంటాది, మజ్జిగ మజ్జిగగానే ఉంటాది. ఆ పల్లె ఆడవాళ్లకు తెలిస్తే నాకు ఇంకోసారి వెన్న పోస్తారా?"

అందులో అబద్ధం లేదు. ఆ పల్లెల్లో 'ఈ వారం ఎంత పడుతుంది' అని అడిగినవాళ్లకు మజ్జిగ కూడా పోయరు.

బుజ్జమ్మ ఎదురు మాట్లాడే పిల్ల కాదు. ఊరి బడిలో జవాబు తెలిసినా పలక కేసి చూస్తూ కూర్చునేది. కొత్తవాళ్లు కనబడితే అవ్వ కొంగు వెనక్కి పోయేది. కానీ ఆ వారమంతా, నీళ్లు తోడుతున్నా పేడ ఎత్తుతున్నా, ఆమె మనసు గేటుకాడే ఉంది.

గురువారం గేటు దగ్గరికి రాగానే ఓబులమ్మ తల తిప్పకుండా ముందుకు సాగిపోయింది. బుజ్జమ్మ ఆగిపోయింది. కాళ్లు అవ్వ వెంట పోదామంటున్నాయి. వాటిని నేలకు అదిమి నిలబడింది.

"ఏం పాపా?" అన్నాడు గంగప్ప.

"రేపు వెన్న తెస్తాం. రాసుకోండి."

గంగప్ప కాగితం తీశాడు. "ఎన్ని సేర్లు?"

"అది చెప్పను."

"చెప్పనంటే యాడ రాసేది, నా నెత్తిన రాసుకోవల్లనా?"

"కుండలు రాయండి. ఐదు కుండలు."

"కుండలో నీళ్లు కూడా ఉంటాయి కదమ్మా."

"వెన్న ఆవుది సార్. అది ఎంతిస్తాదో నాకెట్ల తెలుస్తాది? కుండలు మావి. మా ఇంట్లో ఐదే ఉండాయి. ఐదింటికి మించి రాదని రాయండి. రేపు తూకం మీరే వేసుకోండి."

బతుకులో అన్ని మాటలు ఒక్కచోట ఆమె ఎన్నడూ ఆడలేదు. చెవులు కాలిపోతున్నాయి. గంగప్ప కలం నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. "మించదు అని రాసేదా?"

"మించదు అనే."

రాశాడు. బుజ్జమ్మ పరుగున అవ్వను అందుకుంది. "ఏమే, లెక్క చెప్తివా?" అని గద్దించింది ఓబులమ్మ.

"వెన్న మాట ఎత్తనే లేదవ్వా. మన కుండలు ఎన్నో చెప్పినా."

ఓబులమ్మ వక్కాకు నోట్లో వేసుకుంది.

మరునాడు మూడు కుండలే నిండాయి. ఎండలకు పాలు తగ్గాయి. దారి పొడుగునా ఓబులమ్మ సణుగుతూనే ఉంది, గేటుకాడ చెప్పినందువల్లేనని. బుజ్జమ్మ అడుగు మాత్రం తగ్గలేదు.

గేటుకాడ ఇన్స్పెక్టరు ఉన్నాడు. కాగితం చూసి, కుండలు చూశాడు. "ఐదని ఉండాది. రెండు యాడ దించినారు? దారిలో అమ్మేసినారా?"

ఓబులమ్మ మనవరాలి కేసి కొరకొరా చూసింది.

"ఐదుకు మించదని రాయించినాం సార్," అంది బుజ్జమ్మ, నేల చూపులు చూస్తూనే. "మూడు, ఐదుకు మించలేదు. ఖాళీ కుండలు రెండూ తట్టలో ఉండాయి, చూడండి."

ఇన్స్పెక్టరు తట్ట మీది గుడ్డ ఎత్తాడు. బోర్లించిన కుండలు రెండు. ఆయన పెదవి కొరుక్కుని, వెన్న కాస్త తీసి అరచేతిలో రుద్ది వాసన చూశాడు, గరిటెలో కరిగించి చూశాడు. తూకం వేయించి సంతకం చేశాడు.

"పోండి, పోండి. ఎండెక్కుతాండాది."

హోటల్లో పెనం అప్పటికే కాలుతోంది. ముత్యాలప్ప వెన్న చూసి తల గోక్కున్నాడు. "వస్తారో రారోనని కొత్తచెరువాయనకు వచ్చే వారం నుంచి రమ్మని చెప్తినే, ఓబులమ్మా."

ఓబులమ్మ నోరు తెరిచేలోపే బుజ్జమ్మ కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"వద్దని చెప్పంపండి. మేం ప్రతి శుక్రవారం వస్తాం. గేటుకాడ రాయించేది నేనే."

దోసె తింటున్నవాళ్లు తలెత్తి చూశారు. ముత్యాలప్ప నవ్వాడు. "ఓబులమ్మా, నీ మనవరాలికి మాటలొచ్చునా?"

"నిన్నటి నుంచి వచ్చినాయప్పా," అంది ఓబులమ్మ. "గిన్నె తెప్పించు, వెన్న కరిగిపోతాండాది."