బాబు వచ్చారు, లేవండి

జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఆ వేడినీళ్ళ స్పాకి 'హిమజ' అని పేరు పెట్టారని వినగానే నాగేశ్వరికి నవ్వొచ్చింది. హిమజ అన్నది నిర్మాత రాఘవేంద్ర గారి భార్య పేరు. మంచు పేరు బోర్డు మీద రాసి లోపల జనాన్ని ఉడకబెట్టడం ఏమిటో ఆ దంపతులకే తెలియాలి. సినిమాలు ఆడనప్పుడు పబ్బు పెట్టారు, పబ్బు ఆడనప్పుడు బిర్యానీ హోటల్ పెట్టారు, ఇప్పుడు నీళ్ళు కాచి అమ్ముతున్నారు. నీళ్ళు మాడిపోయేవి కావు గనక ఇదైనా ఆడుతుందేమో అనుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఇండస్ట్రీ వాళ్ళకి ఉచితమనీ, వచ్చి హాయిగా సేద తీరమనీ రాఘవేంద్ర ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నాగేశ్వరి సేద తీరడానికి ఒప్పుకోలేదు. వేషం కోసం ఒప్పుకుంది. ఆ సంగతి దాచుకునే మనిషి కాదు గనక శ్రీనగర్ కాలనీలో ఆటో ఎక్కుతూనే పక్కనున్న మంజులతతో అనేసింది.

"స్నానం మనింట్లో లేకనా వెళ్తున్నాం? ఆ అమ్మ వేషం సంగతి తేల్చుకోవాలి."

"తేలుతది తియ్యి అక్కా. నువ్వు గాక ఆయనకి అమ్మ ఇంకెవరున్నరు?" అంది మంజులత. ఆమె సినిమాల్లో మేనత్త వేషాలు వేస్తుంది. తెలంగాణ యాసకి ఇప్పుడు గిరాకీ పెరిగింది గనక ఆమెకి వారం వారం షూటింగులే. నాగేశ్వరికి మాత్రం ఎనిమిది నెలలుగా ఇల్లే షూటింగు స్పాటు.

ఆయనంటే క్రాంతికుమార్. అభిమానులు యువకెరటం అంటారు, ఇండస్ట్రీ బాబు అంటుంది. ఆ కెరటానికి యాభై నాలుగేళ్ళు. పదిహేనేళ్ళుగా అతనికి తెరమీద తల్లిగా ఉన్న నాగేశ్వరికి యాభై రెండు. కొడుకు పుట్టిన రెండేళ్ళకి తల్లి పుట్టిందన్నమాట. ఈ లెక్క తప్పని ఇండస్ట్రీలో ఒక్కరూ అనరు. అన్నవాడికి మర్నాటి నుంచి పనుండదు.

ఇన్నేళ్ళలోనూ ఆమె ఆ అబ్బాయికి అన్నం కలిపి పెట్టింది, ఆసుపత్రి మంచం మీద దగ్గింది, విలన్ చేతిలో కత్తిపోట్లు తింది. నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడే అదృష్టం మాత్రం పట్టలేదు. ఇన్నాళ్ళకి రాఘవేంద్ర తీయబోతున్న ఈ కొత్త సినిమాలో ఒక సీనుంది. తప్పు చేసి వచ్చిన కొడుకుని తల్లి గుమ్మంలోనే నిలబెట్టి, ఇంట్లోకి రానివ్వకుండా కడిగి పారేస్తుంది. పేజీ నిండా డైలాగు. డైరెక్టరు పంపిన ఆ పేజీని ఆమె వంటింట్లో, మేడమీద, మంచం మీద చదివి చదివి ఒంటబట్టించుకుంది. చచ్చేలోగా ఒక్కసారైనా ఆ సీను చెయ్యాలని ఆమె కోరిక.

స్పాలో దిగగానే ఇద్దరి మెడల్లోనూ తెల్ల టవళ్ళు వేసి, చేతిలో దోసకాయ ముక్కలు తేలుతున్న నీళ్ళు పెట్టారు. దోసకాయని పప్పులో వేసుకుంటే ఎవరైనా వద్దన్నారా అనిపించింది నాగేశ్వరికి. మెట్లు దిగితే గుహ. గుహంటే నిజం గుహ కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీళ్ళు కొండను పేల్చి సెల్లారు తవ్వి, ఆ సెల్లారులో సిమెంటుతో మళ్ళీ కొండ కట్టారు. మంజులత ఒక బండరాయి మీద వేళ్ళతో కొట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చింది.

"అక్కా, గీ రాళ్ళు మన పౌరాణికం సెట్ల చూసినట్టున్నయ్ గదా?"

"అవే. మునీశ్వరుడు తపస్సు చేసిన రాయి అది. రంగు మార్చారు."

మధ్యలో పెద్ద కొలను, దాంట్లోంచి ఆవిరి. ఎక్కడో దూరదేశపు కొండల్లోని ఖనిజాలు ఈ నీళ్ళలో ఉన్నాయని గోడమీద రాశారు. సందులో మంచినీళ్ళ ట్యాంకరు ఆగి పైపు లోపలికి పెట్టి ఉండడం నాగేశ్వరి వస్తూనే చూసింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మోకాళ్ళ కిందిదాకా ఉన్న నల్లటి ఈత డ్రెస్సు ఇచ్చారు. అది వేసుకుని అద్దంలో చూసుకుంటే దుఃఖం, నవ్వు కలిసి వచ్చాయి. నోట్లో ఒక తిట్టు తిట్టుకుని నీళ్ళలోకి దిగింది.

దిగాక మాత్రం తిట్టు ఆగిపోయింది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. కొడుకుని పోలీసులు తీసుకుపోయే సీనులో గచ్చుమీద మోకాళ్ళమీద పడి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏడ్చినప్పుడు పట్టుకున్న నొప్పులవి. ఆ రోజు బాబు సెట్‌కే రాలేదు. డూపు వీపు చూసి ఏడ్చింది. అప్పటినుంచి వదలని నొప్పి, నీళ్ళలోపలి మెట్టుమీద మెడదాకా మునిగి కూర్చున్న కాసేపటికి కరగడం మొదలుపెట్టింది. రాఘవేంద్రకి ఈ పుణ్యం దక్కడం ఆమెకి ఇష్టం లేదు. అయినా ఒళ్ళు హాయిగా ఉంది, కాదనలేకపోయింది.

అవతలి మెట్టుమీద ఇద్దరు ఫైనాన్షియర్లు, ఒక కెమెరామన్, ఎవరికి ఏమవుతారో తెలియని నలుగురు మగాళ్ళు కూర్చున్నారు. వాళ్ళ మధ్యనుంచి రాఘవేంద్ర, బొజ్జ ముందు తేలుతుండగా, నీళ్ళలో నడుచుకుంటూ వచ్చాడు.

"ఎలా ఉందండీ నాగేశ్వరి గారూ మా స్పా?"

"బాగుందండీ. ఇంతకీ నా సంగతేం చేశారు?"

"వేషం మీదేనండీ. నాకూ డైరెక్టర్ గారికీ రెండో మాటే లేదు. బాబు ఊఁ అనాలి, అంతే. ఇవాళ చీఫ్ గెస్ట్ ఆయనే కదా, ఒక్కసారి కనబడి నమస్కారం పెట్టండి చాలు. పనైపోయినట్టే."

ఆ మాట నోట్లో ఉండగానే మెట్ల దగ్గర కలకలం. రాఘవేంద్ర భార్య హిమజ పట్టుచీర చేత్తో ఎత్తిపట్టుకుని ముందు పరుగెత్తుకొచ్చింది. వెనక ఫోటోగ్రాఫరు. ఆ వెనక ఎవరో గట్టిగా అరిచారు.

"బాబు వచ్చారు!"

అంతే, కొలనులో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

సెట్‌లో ఇది మామూలే. బాబు కారు దిగితే లైటుబాయ్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా లేస్తారు. అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తో లేస్తాడు. కానీ అక్కడ ఒంటిమీద చొక్కాలుంటాయి. ఇక్కడ మెట్టుమీద కూర్చుంటే మెడదాకా ఉన్న నీళ్ళు, అదే మెట్టుమీద నిలబడితే తొడల దాకే వస్తాయి. బొజ్జలూ, తడిసిన ఛాతీలూ, జారిపోతున్న నిక్కర్లూ బారులు తీరాయి. ఒక ఫైనాన్షియరు ఒక చేత్తో నిక్కరు పట్టుకుని రెండో చేత్తో నమస్కారం పెట్టాడు. ఆవిరి పేరుకోకుండా ఏసీ జోరుగా పెట్టారేమో, అందరికీ పళ్ళు కొట్టుకుంటున్నాయి.

మంజులత కూడా లేచింది. "లే అక్కా, గంతసేపు గాదు. మా కొడుకు బన్నీ ఆయన టీమ్‌ల పనిచేస్తుండు. నేను కూసుంటె పోరడి పని గోవిందా," అని చెవిలో చెప్పింది.

నాగేశ్వరి సగం లేచింది. పదిహేనేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే లేచాయి. తడిబట్ట వీపుకి అంటుకుంది, చల్లగాలి ఈడ్చి కొట్టింది, ఎదురుగా పదిమంది మగాళ్ళు. ఈ వయసులో, ఈ అవతారంలో, ఇంతమంది ముందు తడిసి నిలబడి దండం పెట్టాలా అని ఒక్కసారి ఒళ్ళు మండింది. మళ్ళీ మెట్టుమీద కూర్చుంది.

క్రాంతికుమార్ కొలను గట్టుమీదకొచ్చి నిలబడ్డాడు. మెడదాకా బిగించిన తెల్లటి టవల్ కోటు, చీకటి గుహలో నల్ల కళ్ళద్దాలు. కూర్చోండి అని ఒక్క మాట అంటే అందరూ బతికిపోయేవాళ్ళు. అతను అనలేదు. ఫోటోగ్రాఫరు ఏ పక్కనుంచి తీస్తున్నాడో చూసుకుని, ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"రాఘవేంద్రా, మన కొత్త సినిమాకి అమ్మ సెంటిమెంటే ప్రాణం. మా అమ్మ గదిలోకొస్తే నేను జీవితంలో ఎప్పుడూ కూర్చోలేదు. లేచి నిలబడేవాణ్ణి. అదీ సంస్కారమంటే. ఇప్పటి పిల్లలకి అది నేర్పాలి. అమ్మంటే ఎవరు? దేవత!"

"దేవతే సార్," అన్నాడు రాఘవేంద్ర వణుకుతూ. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. తడిచేతుల చప్పట్లు చేపల మార్కెట్‌లా వినిపించాయి.

అప్పుడు బాబు కళ్ళద్దాలు తీసి, వరసలో ఒక చోట ఖాళీ ఉండడం గమనించాడు. కిందికి చూశాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా?"

అడిగిన తీరు మెత్తగానే ఉంది, చూపు కాదు. రాఘవేంద్ర చప్పున అందుకున్నాడు. "మోకాళ్ళు సార్, పాపం. లేవలేరు."

అందరూ ఆమె వైపు చూశారు. అవునంటే చాలు, గండం గడిచిపోతుంది. మంజులత నీళ్ళ కింద కాలితో తన్నింది కూడా. నాగేశ్వరి అవునందామనే నోరు తెరిచింది. కానీ ఇన్నేళ్ళ తర్వాత మోకాళ్ళు ఆ క్షణంలోనే నొప్పి లేకుండా ఉన్నాయి. వాటిమీద అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మోకాళ్ళు ఇప్పుడే కుదుటపడ్డాయి బాబూ. లేవగలను. నీళ్ళు బాగున్నాయి, అందుకని కూర్చున్నాను."

 అక్కడితో ఆగినా సరిపోయేది. ఆమెకి అప్పటికే నోటి మీద పట్టు తప్పింది.

"మీరూ దిగండి బాబూ. మీరు దిగితే వీళ్ళూ కూర్చుంటారు. చలికి చచ్చిపోతున్నారు."

హిమజకి లోకం తెలియదు. ఆవిడ సంతోషంగా చప్పట్లు కొట్టింది. "అవును బాబూ! ఒక్కసారి దిగండి, ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది!" ఫోటోగ్రాఫరు మోకాలు వంచి కెమెరా సిద్ధం చేశాడు.

బాబు చెయ్యి కోటు ముడి దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఎందుకాగిందో నాగేశ్వరికి తెలుసు. ప్రతి సినిమా చివరా కొడుకు బతికి వస్తాడు, తల్లి గుండెలకి హత్తుకుంటుంది. హత్తుకున్న ప్రతిసారీ చొక్కా కింద ఛాతీనుంచి నడుం దాకా బిగించిన బెల్టు, దాని కొక్కేలు ఆమె చేతులకి తగిలేవి. ఒకసారి ఆమె గాజు ఆ కొక్కెంలో ఇరుక్కుంటే కాస్ట్యూమ్స్ అబ్బాయి వచ్చి విడిపించాడు. షూటింగు ఆగింది, ఎందుకాగిందో ఎవరూ అడగలేదు. బెల్టు సంగతి ఆమె ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఫిలింనగర్‌లో టీ కొట్టువాడికి కూడా తెలుసు. తెలియనట్టు నటించడమే అక్కడ అందరి మొదటి వేషం. ఇప్పుడు కూడా కొలనులో ఉన్నవాళ్ళంతా పైకప్పు వైపు, సిమెంటు రాళ్ళ వైపు, తమ బొడ్డు వైపు చూస్తున్నారు.

"నాకు టైమైంది," అన్నాడు క్రాంతికుమార్. ముడి ఇంకాస్త బిగించుకుని మెట్లవైపు నడిచాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు. ఇక్కడ ఆమె ఉన్నమాట అననే లేదు, దిగమంది. రాఘవేంద్ర నీళ్ళు కారుతూ వెనకాలే పరుగెత్తాడు.

తలుపు మూసుకోగానే అందరూ దబ్బుమని నీళ్ళలో కూలబడ్డారు. నాగేశ్వరి పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు, మంజులత తప్ప.

"ఎంత పని చేస్తివక్కా! ఆయన మొఖం చూసినవా?" అంటూ నవ్వు ఆపుకోలేక చేత్తో నోరు మూసుకుంది. అంతలోనే భయం గుర్తొచ్చి, "మరి నీ వేషం?" అంది.

నాగేశ్వరికి నవ్వు రాలేదు. నోటికొచ్చిన ఆ పేజీ గుర్తొచ్చింది. గుమ్మం, కొడుకు, మొదటి మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో అంతా సిద్ధంగా ఉంది. ఇక దాన్ని ఎవరి ముందు చెప్పాలి? ఆమె బాధ ఆ కోటు కట్టుకున్న మనిషి గురించి కాదు, ఆ పేజీ గురించి.

కాసేపటికి రాఘవేంద్ర తిరిగొచ్చి గట్టుమీద కూర్చున్నాడు. నీళ్ళలోకి దిగలేదు.

"మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదండీ. కథ మారింది."

"ఆయన మెట్లెక్కేలోపలే మారిందా?"

"అమ్మ ముందే చనిపోయిందట. గోడమీద ఫోటోగా ఉంటుందట." అతను తల గోక్కున్నాడు. "మిమ్మల్ని పూర్తిగా వదులుకోలేక నేనే బతిమాలానండీ, కనీసం ఆ ఫోటో అయినా మీది పెడదామని. బాబుది పెద్ద మనసు, సరేనన్నారు. ఫోటో అంటే చిన్నది కాదండోయ్. హాల్లో నిలువెత్తుది. దండ వేసి, దీపం పెట్టి. సినిమా అంతా దాని ముందే నడుస్తుంది."

"మనిషిని సంపి గోడకేస్తరు, మళ్ళ గిది పెద్ద మనసా?" అంది మంజులత కోపం పట్టలేక. నాగేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాని ముందు ఏం నడుస్తుందండీ?"

"అన్నీనండీ! ఫైటుకి వెళ్ళేముందు దండం, ఇంటర్వెల్‌లో శపథం, చివర్లో వచ్చి క్షమించమని ఏడవడం."

"అప్పుడు బాబు ఎలా ఉంటారు?"

"ఎలా ఉంటారేంటండీ?" రాఘవేంద్రకి ప్రశ్న అర్థం కాలేదు. "అమ్మ కదా. చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడతారు."

"సినిమా అంతానా?"

"సినిమా అంతానూ."

నాగేశ్వరి వెనక్కి వాలి, మెడదాకా మళ్ళీ నీళ్ళలోకి జారింది.

"సరేనండీ," అంది. "కూర్చున్న ఫోటో పంపిస్తాను."