కంటినీటిలో చేప

కంటి మీంచి ఆ చెయ్యి తియ్యి! దురద పెడితే నలపడమేనా? ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదే! సీసాల అక్క సంగతి విను, తర్వాత నీ ఇష్టం.

ఆమె సీసాల ఫ్యాక్టరీలో దీపం ముందు కూర్చుని, ఒక్కో సీసా ఎత్తి చూసి, పగులుంటే పక్కన పెట్టేది. పదిహేనేళ్లుగా అదే బల్ల, అదే నడుంనొప్పి. ఆమె కుడికంటి లోపలి నీటిలో నువ్వుగింజంత చేప ఉండేది. పగిలిన సీసా వస్తే అది తోక తిప్పేది. ఈ సంగతి అందరికీ తెలుసు. పొద్దున్నే వచ్చినవాళ్లు ఆమెతో పాటు చేపనూ పలకరించేవాళ్లు.

ఆ షెడ్డు మేస్త్రీ ఆమె సొంత తమ్ముడే. బల్ల పక్కనే సీసాల మూతులు అరగదీసే మర. గాజుపొడిని బయటికి లాగే ఫ్యాను మోత తన మధ్యాహ్నం నిద్రకు అడ్డమని, అన్నం తినగానే దాన్ని ఆపేసేవాడు. పొడి పడి ఆమె కళ్లు చింతనిప్పులయ్యేవి. నలిపేది. నలిపేకొద్దీ ఇంకా మండేవి.

కంటిడాక్టరు చూసి నిట్టూర్చాడు.

"పైకి కారే కన్నీళ్లు వేరమ్మా, లోపలి నీళ్లు వేరు. పైన ఇంత రాపిడి జరిగితే లోపలి నీళ్లు పాలచుక్క పడ్డట్టు మసకబారతాయి. చేపకు ఊపిరాడటం లేదు. వారం రోజులు ఆ పొడికి దూరంగా ఉండు. లేదంటే చేపా దక్కదు, చూపూ దక్కదు."

ఆమె తమ్ముణ్ణి అడిగింది. "వారం సెలవియ్యరా. పోనీ ఆ ఫ్యానన్నా వెయ్యి."

"చేపకు సెలవా అక్కా? రేపు గోడ మీది బల్లి కూడా అర్జీ పెడుతుంది!"

"నవ్వే ఓపిక కూడా లేదురా."

"ఏదీ, చూడనీ నీ చేప నాటకం."

అప్పుడే నిద్రలేచిన మొహంతో ఆవులిస్తూ, ఆమె రెప్ప పైకెత్తి, ముక్కుకు ముక్కు తగిలేలా వంగాడు. కడుపునిండా నిద్రపోయిన కన్ను వాడిది. లోపల నీళ్లు ఊటబావిలా తేటగా ఉన్నాయి. చేప ఒక్క గెంతులో వాడి కుడికంట్లోకి దూకింది.

చేప ఎవరి కంట్లో ఉంటే దీపం ముందు కుర్చీ వాళ్లదే. యజమాని మారుమాట లేకుండా మేస్త్రీని అక్కడ కూర్చోబెట్టాడు. చేప ఉన్నన్నాళ్లూ కునుకెరగని అక్క వారం రోజులు ఇంట్లో ఒళ్లెరగకుండా పడుకుంది. కన్ను తేరుకుంది. పొడి లేని గదిలో మూతలు బిగించే పని ఇచ్చారు.

మేస్త్రీ ఆ రోజే ఫ్యాను వేశాడు, మళ్లీ ఆపలేదు. కానీ చేపకు రెప్పలుండవు కదా. వాడి కుడిరెప్ప ఇక వాలలేదు. గుడ్డ కట్టుకున్నాడు, మందులు మింగాడు, చేత్తో మూసి పట్టుకున్నాడు. బతికినన్నాళ్లూ వాడికి ఒక్క కునుకు పట్టలేదు.